పంచిన పట్టికలు - కలవవలసిన పద్దులు

ఒక పెద్ద పనిని పదిమంది పంచుకొని చేసినచో అది త్వరగా ముగియును. కోతకును నూర్పిడికిని ఈ మాట ఎంత నిజమో లెక్కలకును అంతే నిజము. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హోలరిత్ చిల్లుల కార్డుల యంత్రములను సమకూర్చినపుడు, కార్డుల కట్టలను అనేక యంత్రములకు పంచి లెక్కించిరి. ఏ కట్ట ఏ యంత్రమునకు పోయినను చిక్కు లేదు. ప్రతి యంత్రము తన కట్టలోని కార్డులను లెక్కపెట్టును. తుదకు ఆ మొత్తములన్నిటిని కూడుదురు. కూడికలో వరుస మారినను, గుంపులు మారినను మొత్తము మారదని చిన్న తరగతుల పిల్లలకును తెలియును.

ఇపుడు మరియొక విధమైన ప్రశ్నను తీసికొందము. ఉపకార వేతనమునకు అర్హులైన విద్యార్థుల జాబితా కావలెననుకొనుడు. మార్కులు ఒక పట్టికలోను, కుటుంబముల ఆదాయములు వేరొక పట్టికలోను ఉన్నవి. మార్కులు 400కు మించి, ఆదాయము ఒక హద్దుకు లోబడియున్నవారే అర్హులు. పట్టికలు మిక్కిలి పెద్దవగుటచేత వానిని రెండు కంప్యూటర్లకు పంచిరి. 417వ సంఖ్యగల విద్యార్థి మార్కుల పద్దు మొదటి యంత్రమునకును, అతని ఆదాయపు పద్దు రెండవ యంత్రమునకును చేరినవి. మొదటిది అతని ఆదాయము నెరుగదు. రెండవది అతని మార్కుల నెరుగదు. రెండును తమతమ జాబితాలను తయారుచేసి కలిపినవి. అతని పేరు ఎందులోను లేదు. యంత్రము చెడిపోలేదు, తప్పు జరిగినదను సూచన ఏదియు రాలేదు. జాబితా చూచుటకు చక్కగనే ఉన్నది. ఒక్క పిల్లవాని పేరు మాత్రము అందు లేదు.

యంత్రము ఆగిపోయినచో తప్పు మనకు తెలియును. ఇట్టి తప్పు తెలియదు; అందుకే ఇది ప్రమాదకరమైనది. పట్టికలను అనేక యంత్రములకు పంచి, ప్రతి యంత్రము తనవద్దనున్న పద్దులతోనే జవాబు చెప్పి, ఆ జవాబులను కలిపినపుడు, పట్టికలన్నియు ఒకేచోట నున్నచో వచ్చెడి జవాబే వచ్చునని ఎట్లు నిశ్చయింపగలము? ఈ ప్రశ్నకు గణితశాస్త్రము పూర్తియైన సమాధానము చెప్పుటకు చాలకాలము పట్టినది. పద్దులను పంచుకొని పనిచేయు యంత్రములు 1980ల ఆరంభముననే విపణికి వచ్చినవి. సమాధానము 2015లో వచ్చినది.

ముందుగా ‘సరియైన జవాబు’ అనగా ఏమో తేలవలెను. దత్తాంశములను క్రమముగా దాచి, అడిగిన ప్రశ్నకు జవాబునిచ్చు కంప్యూటరు వ్యవస్థను డేటాబేసు అందురు. 1960లలోని డేటాబేసులలో ఒక పద్దునుండి మరియొక పద్దునకు దారులు వేసియుండెడివి. ప్రోగ్రాము వ్రాయువాడు ఆ దారులను ఎరిగి, మెట్టు వెనుక మెట్టుగా నడిచి, కావలసిన పద్దును చేరుకొనవలెను. దారి మార్చినచో పాత ప్రోగ్రాములు పనికిరాకుండ పోయెడివి.

ఈ స్థితిని మార్చినవాడు ఎడ్గార్ కాడ్. ఇతడు 1923లో ఇంగ్లండులో జన్మించి, రెండవ ప్రపంచ యుద్ధమున విమానచాలకుడుగా పనిచేసి, పిదప అమెరికా చేరి ఐ.బి.ఎం. సంస్థలో పరిశోధకుడాయెను. 1970 జూన్ నెలలో ఇతడు ప్రకటించిన వ్యాసములోని భావము ఇది: పట్టిక యనగా పద్దుల సమితి. సమితిలో ముందు వెనుకలు లేవు, దారులు లేవు. ప్రశ్న అడుగువాడు తనకేమి కావలయునో చెప్పిన చాలును. దానిని ఎట్లు వెదకవలెనో యంత్రమే చూచుకొనవలెను. ఈ కృషికి 1981లో ఆయనకు ట్యూరింగ్ బహుమానము లభించినది.

కాడ్ పట్టికలను పలు యంత్రములకు పంచుటను గూర్చి ఆ వ్యాసము వ్రాయలేదు. అయినను పంచుటకు వలసిన పునాది అందే పడినది. ప్రశ్నకు జవాబు సమితులనుబట్టి నిర్ణయమగునే గాని, అది వెదకిన దారినిబట్టి కాదు. కావున యంత్రము ఒకటియైనను వేయియైనను సరియైన జవాబు ఒక్కటే. దానితో సరిపోల్చి, పంచి తెచ్చిన జవాబు ఒప్పో తప్పో చెప్పవచ్చును. కొలబద్ద లేనిచో కొలత లేదు గదా!

ప్రశ్నలన్నిటిలోను మిక్కిలి వాడుకలోనున్నది ‘ఇదియు, ఇదియు, ఇదియు ఉన్నచో’ అను రకము. పై ఉపకార వేతనపు ప్రశ్న అట్టిదే. ఈ రకమును 1977లో అశోక్ చంద్ర, ఫిలిప్ మెర్లిన్ అను ఇద్దరు క్షుణ్ణముగా పరిశీలించిరి. అశోక్ చంద్ర కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందినవాడు. ఒక ప్రశ్నలోని షరతులలో ఏవి అనవసరములో, ఏవి తీసివేయరానివో ఎట్లు కనుగొనవలెనను విషయము వారి వ్యాసమున ముఖ్యమైనది. ‘అనవసరమైనది’ అను ఈ భావమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. దీనితో మనకు మరల పనిబడును.

ఇక యంత్రముల సంగతి. డేటాబేసు కొరకే ప్రత్యేకముగా యంత్రములు నిర్మింపవలెనని 1970లలో పలువురు ప్రయత్నించిరి. 1983లో హారన్ బోరల్, డేవిడ్ డివిట్ అనువారు ఒక వ్యాసము వ్రాసి, ఈ యంత్రముల కాలము చెల్లిపోయినదేమో అని సందేహము వెలిబుచ్చిరి. చిత్రమేమనగా, ఆ డివిట్ గారే తరువాత విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ‘గామా’ అను యంత్ర సముదాయమును నిర్మించి, ఈ రంగమునకు దారి చూపిరి. గామా మొదటి రూపమున 20 వాక్స్ కంప్యూటర్లు ఒక వలయముగా కలుపబడియుండెను. దేని జ్ఞాపకము దానిదే, దేని డిస్కులు దానివే. ఇట్లు ఏమియు ఉమ్మడిగా లేక, సందేశముల ద్వారా మాత్రమే మాటలాడుకొను యంత్రముల పద్ధతిని 1986లో మైకేల్ స్టోన్‌బ్రేకర్ గట్టిగా సమర్థించెను. అప్పటికే విపణిలో ఇట్టి యంత్రము ఒకటి ఉండెను. 1979లో కాలిఫోర్నియాలో స్థాపింపబడిన టెరాడేటా సంస్థ డీ.బీ.సీ. 1012 అను యంత్రమును తయారుచేసినది. ఆ పేరులోని 1012 అను అంకెలు 10 యొక్క 12వ ఘాతమును సూచించును. అన్ని అక్షరములు పట్టు డేటాబేసు ఆనాడు ఊహకందని పరిమాణము.

ఈ యంత్రములు 417వ విద్యార్థిని ఎట్లు పోగొట్టుకొనకుండ కాపాడినవి? ఉపాయము చాల సులభమైనది. పది సర్వర్లు ఉన్నవనుకొందము. విద్యార్థి సంఖ్యను 10చే భాగించి, శేషము ఎంతయో అన్నవ సర్వరునకు ఆ పద్దును పంపవలెను. మార్కుల పద్దులోను 417, ఆదాయపు పద్దులోను 417. రెంట శేషము 7. రెండు పద్దులును 7వ సర్వరునకే పోయి అచ్చట కలిసికొనును. రెండు పట్టికలను ఎవరు ఎప్పుడు పంచినను, ఒకరి సంగతి ఒకరికి తెలియకపోయినను, సూత్రమొక్కటే అగుటచేత కలయిక తప్పదు. వాడుకలో భాగహారమునకు బదులు మరింత చిక్కని సూత్రములు వాడుదురు. వీనిని హాషు సూత్రములు అందురు. 1983లో టోక్యో విశ్వవిద్యాలయమునకు చెందిన కిత్సురెగావా, తనాకా, మోతో-ఒకా అనువారు ‘గ్రేస్’ అను యంత్రము కొరకు ఈ ఉపాయమును క్రమబద్ధముగా వివరించిరి. గామాయందును టెరాడేటాయందును పద్దుల పంపకమునకు ఇదే ఆధారము.

ఇందు ఒక మెలిక ఉన్నది. సమానమైన రెండు విలువలకు హాషు సూత్రము ఒకే సంఖ్యను ఈయవలెను. ఇది చెప్పనక్కరలేని మాటవలె కనబడును గాని, యంత్రములో సమానత్వము అంత తేలిక కాదు. దశాంశ సంఖ్యలను యంత్రము దాచుకొను ప్రమాణములో ధన శూన్యము, ఋణ శూన్యము అని రెండు శూన్యములు కలవు. పోల్చినపుడు అవి సమానములే. కాని లోపలి అంకెల అమరిక వేరు. మన తెలుగు లిపియందును ఇట్టి ఉదాహరణము ఉన్నది. ‘చైతన్య’ అను పేరులోని ఐత్వమును యూనికోడు పద్ధతిలో ఒకే సంకేతముగా దాచవచ్చును. లేక ఎత్వమును, దానితో చేరు ఐత్వపు క్రింది గుర్తును విడివిడిగా రెండు సంకేతములుగా దాచవచ్చును. ఈ రెండును తుల్యములనియే యూనికోడు ప్రమాణము చెప్పును. కంటికి తేడా కనబడదు. పోల్చు సూత్రము ఈ రెంటిని ఒకటిగా ఎంచి, హాషు సూత్రము వేరుగా ఎంచినచో, ఒక చైతన్య 3వ సర్వరునకును, అదే చైతన్య 8వ సర్వరునకును పోవును. వారిక కలియరు. కావున హాషు చేయుటకు ముందే విలువలను ఒకే రూపమునకు తేవలెను.

రెండు పట్టికల జోడింపు ఇట్లు కుదిరినది. మూడు పట్టికలు వచ్చినపుడు చిక్కు పెరిగినది. ఒక ఊరినుండి బస్సులో రెండవ ఊరికి పోయి, అచ్చటినుండి రైలులో మూడవ ఊరికి పోయి, అచ్చటినుండి పడవలో బయలుదేరిన ఊరికే తిరిగిరాగల ప్రయాణములు అన్నియు కావలెననుకొందము. బస్సుల పట్టిక, రైళ్ల పట్టిక, పడవల పట్టిక అని మూడు పట్టికలు. మొదటి ఊరినిబట్టి పంచినచో రైలు పద్దునకు ఎచ్చటికి పోవలెనో తెలియదు, దానిలో మొదటి ఊరు లేదు గనుక. రెండవ ఊరినిబట్టి పంచినచో పడవ పద్దునకు దిక్కు లేదు. బస్సులను రైళ్లను ముందు జోడించి, వచ్చిన ఫలితమును మరల పంచి, పడవలతో జోడింపవచ్చును. అయితే నడుమ వచ్చు ఆ ఫలితము ఒక్కొక్కపుడు మూడు పట్టికలకంటెను పెద్దదగును.

2004లో గూగుల్ సంస్థకు చెందిన జెఫ్రీ డీన్, సంజయ్ ఘెమావత్ ‘మ్యాప్‌రెడ్యూస్’ అను పద్ధతిని ప్రకటించిన పిమ్మట, సామాన్యమైన కంప్యూటర్లను వేలకొలది చేర్చి పనిచేయించుట వాడుకయైనది. అప్పుడు నడిమి ఫలితములను మరల మరల పంచుట భారమాయెను. ఒక్క పంపకముతోనే పని ముగియు మార్గము కలదా? 2010లో ఏథెన్సుకు చెందిన ఫోటో అఫ్రాటీ అను విదుషీమణియు, స్టాన్‌ఫర్డ్‌లోని జెఫ్రీ ఉల్మన్‌ యును కలిసి దీనికి చక్కని మార్గము చూపిరి. 2013లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన పాల్ బీమ్, పారిస్ కౌట్రిస్, డాన్ సుచూ ఈ పద్ధతిని లోతుగా విశ్లేషించి దానికి ‘హైపర్‌క్యూబు’ అని పేరిడిరి.

పేరు భయపెట్టును గాని విషయము సులభమే. 64 సర్వర్లను ఒక మేడగా ఊహించుడు. 4 అంతస్తులు, అంతస్తునకు 4 వరుసలు, వరుసకు 4 గదులు, గదికొక సర్వరు. మొదటి ఊరి పేరునుండి అంతస్తు, రెండవ ఊరి పేరునుండి వరుస, మూడవ ఊరి పేరునుండి గది నిర్ణయమగునట్లు మూడు హాషు సూత్రములు పెట్టుదము. బస్సు పద్దులో మొదటి, రెండవ ఊళ్లున్నవి. కావున అంతస్తు, వరుస తెలియును, గది తెలియదు. తెలియనిచో ఆ వరుసలోని 4 గదులకును ఒక్కొక్క ప్రతి పంపవలెను. రైలు పద్దునకు వరుస, గది తెలియును. కనుక 4 అంతస్తులకును పంపవలెను. పడవ పద్దునకు అంతస్తు, గది తెలియును. కనుక 4 వరుసలకును పంపవలెను. ఏ మూడు ఊళ్ల ప్రయాణము తీసికొన్నను, దాని మూడు పద్దులును సరిగా ఒక గదిలో కలియును. ఒక్కొక్క పద్దునకు 4 ప్రతులు చాలును, 64 అక్కరలేదు. ఊళ్లు సమముగా పంపిణీ అయినచో ఒక్కొక్క సర్వరునకు ప్రతి పట్టికలో 16వ వంతు వచ్చును. విద్యార్థులు అగ్గిపెట్టెలతో ఇట్టి మేడ నొకటి కట్టి, చీటీలతో పంచి చూచినచో ఇది వెంటనే బోధపడును.

ఇంతవరకు కథ ఒకే తీరున నడచినది. ఇంజనీర్లు ఒక పంపకమును కనిపెట్టుదురు, అది సరియైనదని చూపుదురు. పంపకములు సులభముగా నున్నంతకాలము సిద్ధాంతము లేదని ఎవరును బాధపడలేదు. బాధపడవలసిన పనియు లేదని నా అభిప్రాయము. శేషమునుబట్టి పంచు పద్ధతి తప్పదని ఎవరికైనను రెండు వాక్యములలో రుజువు చేయవచ్చును. కాని పంపకములు రానురాను చిత్రవిచిత్రములైనవి. పద్దులు ఇదివరకే ఏదో ఒక తీరున పంచబడియున్నవి. వానిని కదల్చుట ఖర్చు. ఉన్న పంపకము మీదనే క్రొత్త ప్రశ్నను అడిగినచో జవాబు సరిగా వచ్చునా, రాదా?

ఈ ప్రశ్నను ఇట్లు తిరగవేసి అడిగినవారు బెల్జియములోని హాసెల్ట్ విశ్వవిద్యాలయమునకును, జర్మనీలోని డార్ట్‌మండ్ విశ్వవిద్యాలయమునకును చెందిన ఐదుగురు: టామ్ అమెలూట్, గేటానో గెక్, బాస్ కెట్స్‌మన్, ఫ్రాంక్ నెవెన్, థామస్ ష్వెన్టిక్. 2015లో మెల్‌బోర్న్ నగరమున జరిగిన డేటాబేసు సిద్ధాంత సభలో వారు తమ ఫలితములను సమర్పించిరి. ఒక పంపకము క్రింద, పట్టికలలో ఏ పద్దులున్నను సరే, పంచి తెచ్చిన జవాబు అసలు జవాబుతో సమానమైనచో, ఆ ప్రశ్నకు ఆ పంపకము క్రింద ‘సమాంతర నిర్దుష్టత’ కలదని వారు నిర్వచించిరి. ‘ఏ పద్దులున్నను సరే’ అను మాట ఇందు ప్రాణము. సాధ్యమైన పట్టికలకు అంతు లేదు. నూరు పట్టికలపై పరీక్షించి సరిపోయినదని సంతోషించినను నూటఒకటవదానిపై తప్పవచ్చును. కావున పరీక్ష చాలదు, రుజువు కావలెను.

వారి సమాధానమును మన మాటలలో చెప్పుదము. జవాబులోని ప్రతి ఫలితమునకు కొన్ని పద్దులు సాక్షులు. 417వ విద్యార్థి అర్హుడనుటకు అతని మార్కుల పద్దు, ఆదాయపు పద్దు సాక్షులు. ప్రతి ఫలితపు సాక్షులందరు ఏదో ఒక సర్వరులో కలిసికొన్నచో జవాబు తప్పదు. ఇంతవరకు ఎవరైనను చెప్పగలరు. అయితే ఇది తప్పనిసరియా? సాక్షుల గుంపు ఒకటి ఎచ్చటను కలియకున్నను జవాబు సరిగా వచ్చుట సాధ్యమా?

సాధ్యమే. మరల బస్సులనే తీసికొందము. బయలుదేరిన ఊరికే తిరిగివచ్చు చుట్టు బస్సులు కూడ కొన్ని ఊళ్లలో ఉన్నవనుకొనుడు. ప్రశ్న ఇది: చుట్టు బస్సుగల ఊరినుండి రెండు బస్సులలో ఏయే ఊళ్లు చేరవచ్చును? ఈ ప్రశ్నలో మూడు షరతులున్నవి: బయలుదేరు ఊరిలో చుట్టు బస్సు, అచ్చటినుండి నడిమి ఊరికి బస్సు, నడిమి ఊరినుండి గమ్యమునకు బస్సు. చంద్ర, మెర్లినుల పద్ధతిలో పరీక్షించినను ఇందు తీసివేయదగిన షరతు ఒక్కటియు లేదు. ఇపుడు రెండు సర్వర్లు. మొదటిదానిలో ‘క’ నుండి ‘చ’కు పోవు బస్సు పద్దు తప్ప మిగిలినవన్నియు ఉన్నవి. రెండవదానిలో ‘చ’ నుండి ‘క’కు పోవు బస్సు పద్దు తప్ప మిగిలినవన్నియు ఉన్నవి. ‘క’లో చుట్టు బస్సు కలదు. ‘క’ నుండి ‘చ’కు పోయి తిరిగి ‘క’కు వచ్చుట ఒక ఫలితము. దానికి కావలసిన పోకబస్సు పద్దు, రాకబస్సు పద్దు ఏ సర్వరులోను కలిసియుండవు. కావున ఆ ఫలితము పోయినదా? పోలేదు. ‘క’ నుండి బయలుదేరి రెండు బస్సులలో ‘క’ చేరవచ్చుననుటకు ఆ చుట్టు బస్సు ఒక్కటియే సాక్షి. దానిని రెండుసార్లు ఎక్కిన చాలును! ఆ పద్దు రెండు సర్వర్లలోను ఉన్నది. ‘చ’ నుండి బయలుదేరినను ఇదే న్యాయము. మిగిలిన ప్రయాణములలో ఆ రెండు పద్దులును ఒకేసారి కావలసివచ్చునది ఏదియు లేదు. జవాబు సంపూర్ణముగా సరియైనది.

అనగా ప్రశ్నలో అనవసరమైన షరతు లేకున్నను, ఒక్కొక్క ఫలితపు సాక్షులలో అనవసరమైనవారు ఉండవచ్చును. ఒక గుంపు సాక్షులలో కొందరిని విడిచి, మిగిలినవారితోనే అదే ఫలితమును రాబట్టగలిగినచో ఆ గుంపు తగ్గింపదగినది. అట్లు వీలుకానిచో అది తగ్గింపరాని గుంపు. సిద్ధాంతము ఇది: తగ్గింపరాని ప్రతి సాక్షుల గుంపును ఏదో ఒక సర్వరులో పూర్తిగా కలిసియున్నచో, అప్పుడు మాత్రమే, సమాంతర నిర్దుష్టత కలదు.

రుజువు ఉన్నత పాఠశాల విద్యార్థి కందనంత పెద్దది కాదు. మొదటి భాగము: షరతు ఉన్నదనుకొందము. ఏ ఫలితము తీసికొన్నను దానికొక సాక్షుల గుంపు ఉండును. అది తగ్గింపదగినదైనచో తగ్గింతుము. ఇంకను తగ్గునేని ఇంకను తగ్గింతుము. పద్దులు పరిమితములు గనుక ఎచ్చటనో ఆగవలెను. ఆగినచోట నున్నది తగ్గింపరాని గుంపు. అది ఒక సర్వరులో కలిసియున్నది. ఆ సర్వరే ఆ ఫలితమును ఇచ్చును. రెండవ భాగము: తగ్గింపరాని ఒక గుంపు ఏ సర్వరులోను పూర్తిగా కలిసిలేదనుకొందము. సరిగా ఆ పద్దులు మాత్రమే ఉన్న పట్టికను తీసికొనుడు. ప్రతి సర్వరులోను వానిలో కొన్నియే ఉండును. ఏదో ఒక సర్వరు ఆ ఫలితమును ఇచ్చినదంటే, తక్కువ సాక్షులతో ఫలితము వచ్చినదన్నమాట. అప్పుడు ఆ గుంపు తగ్గింపరానిది కాదు. ఇది విరుద్ధము. కావున ఏ సర్వరును ఆ ఫలితము నీయదు. జవాబులో లోపము తప్పదు.

షరతు స్పష్టమైనదే గాని దానిని యంత్రముచేత పరీక్షింపించుట మాత్రము సులభము కాదు. ప్రతి సాక్షుల గుంపునకును, ఏదో ఒక సర్వరు గాని, ఏదో ఒక చిన్న గుంపు గాని ఉన్నదా అని చూడవలెను. ‘ప్రతి’ అను మాట వెనుక ‘ఏదో ఒకటి’ అను మాట వచ్చుటచేత ఈ పని, ఎన్.పి. తరగతికి పైనున్న మెట్టుపై, ఆ మెట్టునందలి అతికఠినమైన ప్రశ్నలతో సమానమని వారు నిరూపించిరి. ప్రశ్నలోని షరతులు కొన్నియే గనుక వాడుకలో ఇది అంత భయంకరము కాదు.

ఇంతవరకు చెప్పిన ప్రశ్నలలో ఒక మంచి గుణము కలదు. పద్దులు చేర్చినకొలది జవాబులు పెరుగునేగాని, వచ్చిన జవాబు వెనుకకు పోదు. కావున ఏ సర్వరును అబద్ధపు జవాబు చెప్పదు. కొన్ని నిజములను చెప్పక విడువవచ్చును, అంతే. ‘పరీక్షకు రాని విద్యార్థులెవరు?’ అని అడిగినపుడు ఈ గుణము పోవును. పేర్ల జాబితా ఒక సర్వరులోను, హాజరు పద్దు మరియొక సర్వరులోను ఉన్నచో, మొదటి సర్వరు ఆ విద్యార్థి రాలేదని ధైర్యముగా చెప్పివేయును. తనవద్ద లేనిది లోకములోనే లేదని అది అనుకొనును. ఇట్టి పొరపాటు మనుష్యులలోను లేకపోలేదు.

2010లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీకి చెందిన జోసెఫ్ హెలర్‌స్టీన్ ఈ భేదమును ఒక ఊహగా ప్రతిపాదించెను: యంత్రములు ఒండొరులకొరకు ఆగి సరిచూచుకొనక పనిచేసినను జవాబు కుదురునట్టి ప్రశ్నలు, వెనుకకు పోని జవాబులుగల ప్రశ్నలే. మరుసటి సంవత్సరము అమెలూట్, నెవెన్, యాన్ వాన్ డెన్ బుష్ దీనిని ఒక గణిత నమూనాయందు నిరూపించిరి. ‘లేదు’ అని చెప్పవలెనన్నచో అందరి మాటయు వినవలెను; ‘ఉన్నది’ అని చెప్పుటకు ఒక్కరు చాలును.

సరాసరులలోను జాగ్రత్త అవసరము. ఒక సర్వరులో 40 మంది విద్యార్థుల సరాసరి 60 మార్కులు, వేరొక సర్వరులో 10 మంది సరాసరి 80 మార్కులు అనుకొనుడు. సరాసరుల సరాసరి 70. కాని మొత్తము 2400, 800 కలిపి 3200 మార్కులు. 50 మందికి పంచగా 64. కావున సర్వర్లు సరాసరిని పంపక మొత్తమును, సంఖ్యను వేరువేరుగా పంపవలెను. హోలరిత్ కార్డులవలె ఆ రెంటిని నిర్భయముగా కూడవచ్చును.

2015 నాటి వ్యాసములోనే వేరొక ఉపయోగకరమైన ప్రశ్నకును జవాబు దొరకినది. మొదటి ప్రశ్న కొరకు పద్దులను ఒక తీరున పంచితిమి. వానిని కదల్పకుండ రెండవ ప్రశ్నను అడుగవచ్చునా? మొదటి ప్రశ్నకు నిర్దుష్టమైన ప్రతి పంపకమును రెండవదానికిని నిర్దుష్టమగుటకు, రెండవదాని తగ్గింపరాని ప్రతి గుంపును మొదటిదాని తగ్గింపరాని ఏదో ఒక గుంపులో ఇమిడియుండవలెను. ఇమిడినచో రెండవ పంపకపు ఖర్చు తప్పును. మరుసటి సంవత్సరము గెక్, కెట్స్‌మన్, నెవెన్, ష్వెన్టిక్ ‘లేదు’ అను షరతుగల ప్రశ్నలకును ఈ విచారణను విస్తరింపజేసిరి. అచ్చట కాఠిన్యము మిక్కుటమైనది: తప్పు చూపు పట్టికయే ప్రశ్న నిడివినిబట్టి ఘాతరూపమున పెరుగవచ్చును. అందువలన నేటి డేటాబేసులు ఎదురైన ప్రతి పంపకమును పరీక్షింపబూనవు. చిన్న పట్టికయైనచో దానిని సర్వర్లన్నిటికిని నకలు చేసి పంపును. పెద్దవైనచో హాషునుబట్టి పంచును. ‘రాని విద్యార్థుల’ ప్రశ్న యైనచో పేర్లను, హాజరును ఒకే సూత్రముతో ఒకేచోటికి చేర్చి, అన్ని పద్దులును చేరినవని తెలిసిన తరువాతనే జవాబు చెప్పును.